గోడ మీద నా ఉద్యోగం

ఇప్పటిదాకా నా మాట ఎవరూ పూర్తిగా వినలేదు. అంకులిలోని ఆ శిక్షణ కేంద్రానికి ఎప్పుడు వెళ్ళినా ముందుగదిలో బెంచీ చూపిస్తారు. కూర్చుంటాను. సారు మీటింగులో ఉన్నారంటారు. ఎండ వరండా దాటి గదిలోకి వచ్చేసరికి సారు వెనక గుమ్మం నుంచి ఇంటికి వెళ్ళిపోయారని తెలుస్తుంది. ఒడియాలో అర్జీలు రాసిచ్చాను. నా ముందే సొరుగులో పెట్టారు. సొరుగు మూసిన చప్పుడు తప్ప వేరే జవాబు రాలేదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఉద్యోగాల్లో పెట్టించే ఆ సారు తెలుగువాడే. బడా బజార్‌లో తాతల నాటి నుంచి టోకు వ్యాపారం చేస్తున్న ఇంటి మనిషి. నా మాట అర్థం కాలేదని ఆయన తప్పించుకోకూడదు.

ఆ బెంచీకి ఎదురుగోడ మీద పెద్ద బోర్డు ఉంది. ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఫొటోలు. అందులో కంపెనీ టోపీ పెట్టుకుని నవ్వుతున్నవాణ్ణి నేనే. ఆ ఉద్యోగంలో నేను ఒక్క పూట కూడా పని చెయ్యలేదు.

మాది ఆర్యపల్లి, సముద్రం ఒడ్డున. మా నాన్న వెళ్ళిన పడవ ఇంజను ఒకసారి నడిసముద్రంలో ఆగిపోయింది. వేరే ఊరి పడవ చూసి లాక్కొచ్చేదాకా వాళ్ళు నీళ్ళ మీదే కొట్టుకుపోయారు. ఒడ్డుకు చేరాక నాన్న మళ్ళీ పడవెక్కలేదు. ఇసుకలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తాడు. ఇల్లు నడిపేది అమ్మ, ఎండుచేపల తట్టతో. ఆ రోజు నాన్న చేపల వేటకు బయల్దేరుతుంటే ఎవరో "ఎక్కడికి?" అని అడిగారట. మావాళ్ళలో బయల్దేరిన మనిషిని అలా అడగరు. ఎవరైనా అడిగితే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. నాన్న నవ్వేసి వెళ్ళిపోయాడట. ఇంజను పాతదని నాన్న అంటాడు. అమ్మ ఇంజను మాట చెవిన పెట్టదు.

నన్ను సముద్రానికి పంపకూడదని ఆమె అప్పుడే అనుకుంది. పేద పిల్లలకు ఉచితంగా పని నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని ఆ కేంద్రంవాళ్ళు ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ వచ్చినప్పుడు, తట్ట దించి మరీ విన్నది. అలా నేను ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పనిలో చేరాను.

చేరిన కొత్తలో ఒకరోజు నేర్పే మాస్టారు తలుపు దగ్గరే ఆగి, "ఈ గదిలో ఎండుచేప ఎవరు పెట్టారు?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నన్ను లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన మరిచిపోయే ఉంటాడు. నేను మరవలేదు. అయితే కిటికీ దగ్గర వెలుతురు బాగుండేది. రాగి గొట్టాలు అతకడం నాకు అక్కడే పట్టుబడింది. అతుకు మీద సబ్బునురగ రాస్తే, గ్యాసు కారుతున్నచోట బుడగ లేస్తుంది. చివరికొచ్చేసరికి నా అతుకుల మీద బుడగ లేచేది కాదు. మాస్టారు చూసి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

విశాఖపట్నం వైపు రొయ్యలు నిలవచేసే ఒక శీతల గిడ్డంగిలో నాకు ఉద్యోగం ఖాయమైంది. బండి కేంద్రం దగ్గరికే వస్తుందన్నారు. ఆ ఉదయం అమ్మ కూడా వచ్చింది, సీసాలో నీళ్ళు పట్టుకుని. మాకు టీషర్టులు, టోపీలు ఇచ్చి ముందు ఫొటోలు తీశారు. తర్వాత ఒక్కొక్కళ్ళనీ బండెక్కమన్నారు. నేను సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతున్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని సారు అక్కడే నిలబడ్డారు.

"ఏమోయ్, ఎక్కడికి బయల్దేరావు? వేటకా?" అన్నారు.

బండిలో కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కూకో."

"అమ్మా, బండి ఎల్లిపోద్దే."

"నీకోసరం వచ్చిన బండి నిన్నొగ్గేసి ఎలాగెల్తాది? మీ నాన్నలాగ నవ్వకు. కూకోని నీల్లు తాగు." సారు వైపు తిరిగి, "బాబూ, సిటికెలో వచ్చెస్తాడు. ఆపండి," అంది.

సారు ఫోన్‌లో మాట్లాడుతూనే తలూపారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. సీసా మూత బిగుసుకుపోయింది. అమ్మ పంటితో తీసింది. నేను గుక్క మింగుతుంటే డ్రైవరు హారన్ కొట్టాడు. సారు అరచేత్తో బండి పక్కన చరిచారు. పదమని సైగ అది. మూల తిరిగేదాకా సంచీతో పరిగెత్తాను. వెనక అద్దంలోంచి ఒకడు చెయ్యి ఊపాడు, నేను సాగనంపడానికి వచ్చినట్టు.

"తర్వాత బండిలో పంపిస్తాలే. నీ ఫొటో అయిపోయింది కదా," అన్నారు సారు.

తర్వాత బండి నాకోసం రాలేదు. ఫొటో మాత్రం ఛత్రపూర్ రోడ్డు మీద ఫ్లెక్సీకెక్కింది. ఊళ్ళో వల పట్టుకుని కూర్చుంటే, "ఏట్రా, ఉజ్జోగం రోడ్డుమీద, నువ్విక్కడానా?" అని నవ్వేవారు. వేరే కేంద్రంలో చేరదామని వెళ్ళాను. మిషను మీద వేలు పెట్టించి చూసి, నీకు ఇదివరకే శిక్షణ అయింది, ఉద్యోగమూ వచ్చింది, మళ్ళీ ఇవ్వరు అన్నారు. రాలేదని చెప్పాను. మిషను అలా చెప్పడం లేదన్నారు. దాన్ని సరిచెయ్యగలిగింది, అలా ఎక్కించిన ఆ సారు ఒక్కరే.

ఒకసారి వరండాలో ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాను.

"కంపెనీ ఆపిందా నిన్ను? మీ అమ్మ ఆపింది. ఈ మూఢనమ్మకాలు వదలనంతకాలం మీరు బాగుపడరు," అన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పి ఉండకూడదు. అమ్మ ఆ నీళ్ళసీసా ఎక్కడో పెట్టేసింది. ఇప్పుడు నేను ఎక్కడికి బయల్దేరినా గుమ్మంలోకి రావడం లేదు.

చివరికి బడా బజార్‌లో సారువాళ్ళ కొట్టుకే వెళ్ళాను. సారు బస్తాల పక్కన స్టూలు మీద టీ తాగుతున్నారు. వాళ్ళ అన్నయ్య సరుకు తేవడానికి కాబోలు, సంచీ చంకన పెట్టుకుని, గల్లాపెట్టె దగ్గర తాను కూర్చునే గద్దీ దిగి బయల్దేరాడు. ఆటో సిద్ధంగా ఉంది. మెట్లెక్కుతున్న ఒడియా ఖాతాదారుడు, "సాహుకారు గారూ, ఎక్కడికి?" అని ఒడియాలో అడిగాడు. ఆ పెద్దాయన గడప మీదే ఆగిపోయాడు. వెనక్కి వచ్చి గద్దీ మీద కూర్చున్నాడు. సారు టీ కింద పెట్టి, తానే లేచి గ్లాసుతో నీళ్ళు అందించారు. ఆటోవాడు హారన్ కొట్టాడు. సారు గుమ్మంలోకి వచ్చి, "కాస్త ఆగవోయ్, వస్తున్నారు," అన్నారు.

అప్పుడు నన్ను చూశారు.

"ఆటో ఆగినాదా సారూ?" అన్నాను.

"నువ్వెప్పుడొచ్చావు?"

"నీల్లు ఇచ్చినప్పుడే."

"ఇది కొట్టు. ఇక్కడ గొడవ చెయ్యకు. సోమవారం ఆఫీసుకి రా."

"ఎవర్రా అతను?" అన్నాడు పెద్దాయన, గ్లాసు పట్టుకునే.

"మా స్టూడెంటు అన్నయ్యా. ఉద్యోగం వచ్చేసింది."

సోమవారం వెళ్ళాను. బెంచీ చూపించారు. మీటింగన్నారు.

కొత్త జట్టు పిల్లలకు టోపీలు వచ్చాయట. వాళ్ళ బండి ఈ నెలలోనే అదే గేటు దగ్గరికి వస్తుంది. ఆ రోజు నేను అక్కడ ఉంటాను, సంచీతో. సారూ, మీ అన్నయ్య కోసం ఆటో ఎందుకు ఆగిందో నేను అడగను. అది నాకు తెలుసు. నా బండి ఎందుకు ఆగలేదో చెప్పండి. ఈ బండిలో నాకు చోటుంటే ఉందనండి. లేదంటే బోర్డు మీంచి నా ముఖం తీసి, వీడు ఉద్యోగానికి వెళ్ళలేదని ఆ మిషనుకు చెప్పండి, ఇంకోచోట చేరతాను. నేను వెళ్ళానా, వెళ్ళలేదా? ఫోన్ పక్కన పెట్టి, నా ముఖం చూసి, ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.