తెర మీద సుమతి చెయ్యి

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే టీకని లేచి వెళ్ళిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. అలాంటి కథల్లో చూసినవాడు ఎప్పుడూ చెప్పేవాడి పిన్నమ్మ కొడుకే అయి ఉంటాడు. ఇక్కడ చూసింది నేనే. అదీ పట్టపగలు, ఆఫీసులో.

రెండువేల ఆరో సంవత్సరం ప్రాంతంలో చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. నా పక్క సీటు సుమతిది. నగరి అమ్మాయి. వాళ్ళ నాయన మునిరత్నం గారికి మరమగ్గాలు ఉండేవి. మా సరుకు కొనే విదేశీ కంపెనీ వెబ్‌సైటులోకి లాగిన్ అయి, కొత్త ఆర్డర్లు చూడటం సుమతి పని. కాసేపు కదలకుండా ఉంటే చాలు, ఆ సైటు బయటికి నెట్టేసేది. మళ్ళీ పేరు, మళ్ళీ పాస్‌వర్డ్.

"పొద్దస్తమానం ఈ గడపెక్కి దిగేదే సరిపోతా ఉండాదన్నా. ప్రోగ్రాములు వచ్చునంటావు కదా, దీనికొకటి రాయరాదా?" అని నా ప్రాణం తీసేది.

రెండు దారులున్నాయి. ఒకటి, తెర మీద ఏమీ తెరవకుండా పేరూ పాస్‌వర్డూ నేరుగా సైటుకు పంపే ప్రోగ్రాము రాయడం. గట్టి పద్ధతి, కానీ తలనొప్పి పని. రెండోది, మనిషి చేసేదాన్ని రికార్డు చేసే సాఫ్ట్‌వేరు. మౌస్ ఎక్కడెక్కడ తిరిగింది, ఏ మీట ఎప్పుడు నొక్కారు, అన్నీ పట్టుకుని అచ్చం అలాగే మళ్ళీ చేస్తుంది. దానికి కళ్ళుండవు. తెర మీద ఏముందో దానికి తెలియదు. ఎక్కడ నొక్కమంటే గుడ్డిగా అక్కడే నొక్కుతుంది.

బద్ధకస్తుణ్ణి కాబట్టి రెండోదే ఎంచుకున్నాను. సుమతిని కూర్చోబెట్టి ఒకసారి లాగిన్ చేయించి, ఆర్డర్ల పేజీ తెరుచుకోగానే రికార్డింగు ఆపేశాను.

ఆ రోజు నుంచి బాణం గుర్తు దానంతటదే కదిలేది, అచ్చం సుమతి తీరులోనే. పేరో పాస్‌వర్డో కొట్టాల్సిన గడి మీద నొక్కేముందు సుమతి దాని చుట్టూ ఒకసారి మౌస్ తిప్పేది. పాస్‌వర్డ్ సగంలో ఆగి, గుర్తు తెచ్చుకుని, మిగతాది కొట్టేది. రికార్డింగూ అంతే. చూసి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఆ వానాకాలం సుమతికి జ్వరం వచ్చింది. తిరుపతి ఆసుపత్రిలో చేర్చారు. తిరిగి రాలేదు.

ఆమె గొడుగూ, టిఫిన్ క్యారియరూ తీసుకెళ్ళడానికి మునిరత్నం గారు వచ్చినప్పుడు రికార్డింగు నడుస్తోంది.

"ఎవురూ ముట్టుకోకనే కదలతా ఉండాదే, ఎవురు చేస్తా ఉండారప్పా?" అని అడిగారు.

దాచలేకపోయాను. "సుమతి చేసిందే నాయనా. ఆమె ఎలా చేసిందో అలాగే మళ్ళీ చేస్తుంది" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పటినుంచి చిత్తూరుకు ఏ పని మీద వచ్చినా మా ఆఫీసు మెట్లెక్కేవారు. బాణం గడి చుట్టూ తిరగడం, పాస్‌వర్డ్ చుక్కలు పడటం చూసి వెళ్ళిపోయేవారు.

కొన్నాళ్ళకు, సోమవారం నుంచి సైటు రూపం మారుతుందని కంపెనీ కబురు పెట్టింది. "ఈ బొమ్మలాట ఆపి ఒక మంచి ప్రోగ్రాము రాయప్పా" అన్నాడు మా ఓనరు. గళ్ళ చోటు మారితే రికార్డింగు ఇక పనికిరాదు. శనివారంలోగా ఒకసారి రమ్మని మునిరత్నం గారికి ఫోన్ చేయించాను. కారణం చెప్పలేదు. ఆయన సోమవారం పొద్దున వచ్చారు.

అప్పటికే సైటు తెరిచి చూశాను. మధ్యలో ఉండే గళ్ళు కుడిపక్క కిందికి పోయాయి. వాటి స్థానంలో పెద్ద ఓడ బొమ్మ. రికార్డింగు నడిపితే బాణం ఆ ఓడ మీద పిచ్చిదానిలా నొక్కుతుంది. నగరి నుంచి బస్సులో వచ్చిన మనిషికి అదా నేను చూపించేది? నెట్ లేదని చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, "పెట్టప్పా" అన్నారు.

పెట్టాను. బాణం పాత చోటికే వెళ్ళింది. ఓడ మీద ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. నేను తల దించుకున్నాను.

"ఎతుకుతా ఉండాది" అన్నారాయన.

తలెత్తాను. బాణం నెమ్మదిగా కుడిపక్కకు పోతోంది. కిందికి దిగింది. కొత్త గడి చుట్టూ ఒకసారి తిరిగి నొక్కింది. పేరు పడింది. పాస్‌వర్డ్ చుక్కలు సగంలో ఆగి, మళ్ళీ పడ్డాయి. నా ఒక చేతిలో టీ గ్లాసుంది, రెండోది మోకాలి మీదుంది. మౌస్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

ఆర్డర్ల పేజీ తెరుచుకుంది. రికార్డింగు అక్కడితో అయిపోవాలి. కానీ బాణం ఆగలేదు. పైమూలకు పోయి, లాగౌట్ చుట్టూ ఒకసారి తిరిగి, నొక్కింది. సైటే బయటికి నెట్టేసేది కాబట్టి మా ఆఫీసులో ఎవరూ, సుమతితో సహా, ఎప్పుడూ లాగౌట్ నొక్కి ఎరగరు.

మళ్ళీ నడిపి చూద్దామని మౌస్ మీద చెయ్యి వేయబోయాను. మునిరత్నం గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"వొద్దప్పా. పనైపోయి లేసింది బిడ్డ. ఇంక పిలవాకు."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయారు. మళ్ళీ రాలేదు.

తిరుపతిలో సాఫ్ట్‌వేరు నేర్పే స్నేహితుడికి తర్వాత చెప్పాను. పాత పేజీ కంప్యూటరులో దాగి ఉండి అదే వచ్చిందేమో అన్నాడు. పాత పేజీలో ఓడ లేదు కదా అన్నాను. నీ చెయ్యే తగిలుంటుందిలే అన్నాడు. రికార్డింగు విప్పి చూపించాను. పాత చోట్లే ఉన్నాయి, లాగౌట్ ఊసే లేదు.

నేరుగా పంపే ప్రోగ్రాము ఆ వారమే రాశాను. బాగానే పనిచేసింది. ఆ సోమవారం ఏం జరిగిందో మాత్రం నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. నమ్మానని చెప్పలేను, చూడలేదనీ చెప్పలేను.

ఆయన వెళ్ళిపోయాక, ఆ మధ్యాహ్నం రికార్డింగును మళ్ళీ నడిపాను. బాణం వెళ్ళి ఓడ మీద గుడ్డిగా నొక్కింది. ఇంకోసారి నడిపాను, మరోసారి నడిపాను. ఓడ మీదే నొక్కింది. ఆయన వద్దన్నా వినకుండా సాయంత్రం దాకా పిలుస్తూనే ఉన్నాను. రాలేదు.