చెయ్యి దించిన విగ్రహం

రెండేళ్ల కిందటి వానాకాలం. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నేను విగ్రహాలు చేస్తాను. మా నాయన నేర్పిన పని. నాయకులు, దేవుళ్లు, చనిపోయిన తాతలు అందరూ నా దగ్గర పక్కపక్కనే నిలబడి ఆరుతుంటారు. ఆడమనిషివై ఉండి విగ్రహాలు చేయడమేమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తారు. వాళ్ల చేతికో బకెట్టు మట్టి ఇచ్చి పిసకమంటాను. మళ్లీ ఆ మాట ఎత్తరు.

ఆ వానాకాలంలో లింగంపేట అవతలి ఊరి నుంచి ఒక విగ్రహ కమిటీ వచ్చింది. వాళ్ల ఊరి శ్రావణ్ నేవీలో లెఫ్టినెంట్ కమాండర్. గాయపడిన ఇద్దరు నావికులను వెనక్కి పంపి, వాళ్లు క్షేమంగా బయటపడేదాకా ఒక్కడే శత్రువుల మీద కాల్పులు జరుపుతూ నిలబడి చనిపోయాడు. మరణానంతరం శౌర్య పతకం ఇచ్చారు. మా వైపు నీళ్లంటే పోచారం చెరువే. సముద్రం చూసినవాళ్లు తక్కువ. అందుకే కమిటీ కుర్రాళ్లు ఆర్మీవాళ్ల పచ్చ డ్రెస్సు, చేతిలో తుపాకి కావాలన్నారు. ఫొటోలో ఉన్న తెల్ల యూనిఫాం చూపించి నచ్చజెప్పాను.

సెల్యూట్ విషయంలో మాత్రం కమిటీ పెద్ద వినలేదు. ఊళ్లో ఎక్కువ భూమి ఆయనదే. అందరూ పటేల్ అంటారు.

"సెల్యూట్ కొడుతున్నట్టు ఉండాలె చెల్లె. చౌరస్తల వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు కొట్టొచ్చినట్టు కనవడాలె," అన్నాడు.

నేనూ సరేనన్నాను. సైనికుడంటే సెల్యూటే అని నాకూ అలవాటైపోయింది.

మా పనిలో ముందు ఆర్మేచర్ కడతాం. అంటే ఇనుప చువ్వల అస్థిపంజరం. దాని మీద మట్టి వేసి మనిషిని తీస్తాం. ఇంటివాళ్లు చూసి సరేనన్నాక మోల్డు, అంటే అచ్చు తీసి, అందులో ఫైబర్ పోస్తాం. అచ్చు తీశాక వేలు మార్చాలన్నా మళ్లీ మొదటికొచ్చినట్టే. అందుకే మట్టి మీద ఉండగానే ఇంటివాళ్లను పిలుస్తాను. ఒకరు ఏడుస్తారు, ఒకరు ఫొటోలు తీస్తారు, ముక్కు బాగాలేదనే బావమరిది ఒకడు తప్పకుండా ఉంటాడు.

శ్రావణ్‌ను చూడ్డానికి వాళ్లమ్మ పోశవ్వ వచ్చింది. బీడీలు చేసి కొడుకును చదివించిన మనిషి. వెంట ఆమెతో బీడీలు చేసే ఆడవాళ్లు నలుగురైదుగురు, కమిటీ కుర్రాళ్లు, పటేల్. నేను తడిబట్ట తీశాను. ఆమె చాలాసేపు చూసింది. ఏడవలేదు.

"మొఖం నా కొడుకుదే. చెయ్యెందుకు లేపినవ్ బిడ్డా?"

"సెల్యూట్ అవ్వా."

"ఎవరికి?"

అప్పుడు నాకో తప్పు కనబడింది. నేవీవాళ్లు సెల్యూట్‌లో అరచెయ్యి కిందికి వంచుతారు. నేను అలవాటు కొద్దీ ఆర్మీవాళ్లలా అరచెయ్యి ఎదుటివాళ్లకు కనబడేట్టు పెట్టాను. ఆమె పట్టుకున్నది అదేననుకున్నాను.

"అరచెయ్యి తప్పు పడ్డది అవ్వా, మలుపుత."

"అరచెయ్యి గాదు. చెయ్యే లేపొద్దంటున్న."

పటేల్ నవ్వాడు. "జెండాకు కొడుతుండు పోశవ్వా. దేశానికి."

"జెండా ఏడున్నది పటేలా? ఆ చౌరస్తల జెండా లేదు. నీ కారు పోతది, నీ కొడుకు కారు పోతది, ఓట్లప్పుడు ఎవలెవలియో కార్లు పోతయి. పొద్దందాక నా కొడుకు అందరికి సలాం కొట్టుకుంట నిలవడాల్నా?"

ఆమె ఆగలేదు.

"వాని సదువుకు ఓ సంతకం కావాల్నంటే నీ వాకిట్ల ఎన్నిసార్లు చేతులు జోడిచ్చి నిలవడ్డనో నీకు యాదికున్నదో లేదో. నౌకరి వచ్చినంక వాడు ఒక్కటే మాట అన్నడు. అమ్మా, ఇగ ఎవ్వలకు చేతులు జోడియ్యకు అని. ఆ మాట నేను ఇయ్యాల్టిదాక తప్పలె. నా చెయ్యి దించినోని చెయ్యి నన్ను లేపనియ్యమంటరా?"

"కమిటీ ఒప్పుకున్నది. గట్లనే అయితది," అన్నాడు పటేల్. నా వైపు తిరిగి, "రేపు అచ్చు తియ్ చెల్లె," అన్నాడు.

చనిపోయిన కొడుకు గురించి తల్లి మాట్లాడుతుంటే రేపు అచ్చు తీయాలట. మట్టి కోసే తీగ అందుకుని, విగ్రహం కుడి భుజం దగ్గర పెట్టి లాగాను. చేతి మట్టి మొత్తం పటేల్ చెప్పుల పక్కన పడింది. లోపలి చువ్వను రెండు చేతులతో పట్టుకుని కిందికి వంచేశాను.

"ఏంది చెల్లె ఇది! చేస్తున్నవా, చెడగొడుతున్నవా?"

"తల్లి సరే అనందే నా షెడ్డుల అచ్చు తియ్యరు పటేలా. నచ్చకుంటే ఇంకో షెడ్డు చూసుకో. ఈ మట్టి మాత్రం ఈడనే ఉంటది."

"సలాం కొట్టే బొమ్మ పెడితే ముసుగు తీసేనాడు నేను రాను," అంది పోశవ్వ. వెంటనే ఆమెతో వచ్చిన ఆడవాళ్లు తామూ రామన్నారు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా ఆమె పక్కకు జరిగారు. తల్లి లేకుండా ముసుగు తీస్తే ఊరంతా ఏమంటుందో పటేల్‌కు తెలుసు.

ఎలా ఉండాలని అడిగాను. పోశవ్వ ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఓడ మీద శ్రావణ్, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల ఎత్తి నిలబడ్డాడు. అలాగే చేస్తానన్నాను. పటేల్ ఫోన్‌లోకి తొంగి చూసి మూతి ముడిచాడు.

"గట్ల నిలవడితే మమ్ముల తనికీ చేస్తున్నట్టు ఉంటది."

"ఆఫీసర్ గదా," అంది పోశవ్వ. "తనికీ చెయ్యనియ్."

వానల్లో మట్టి సహకరించక నానా తిప్పలు పడ్డాను గాని, ఇంత ఇష్టంగా చేసిన విగ్రహం ఇంకోటి లేదు. పతకం దగ్గర, టోపీ అంచు దగ్గర ఎంతసేపు కూర్చున్నా విసుగు రాలేదు.

ఆవిష్కరణ రోజు నేనూ వెళ్లాను. పటేల్ ముసుగు లాగాడు. చౌరస్తా మధ్యలో శ్రావణ్ చేతులు వెనక్కి కట్టుకుని అందరినీ చూస్తున్నాడు. ఫొటో తీసేవాళ్లు, "సార్, ఓ సెల్యూట్!" అని అరిచారు. పటేల్ అటూ ఇటూ చూశాడు. తప్పుతుందా? చెయ్యెత్తి బీడీలు చేసే ఆమె కొడుకుకు సెల్యూట్ కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు, నేను అందరికంటే గట్టిగా కొట్టాను.

తర్వాత ఆయన పోశవ్వ ముందుకొచ్చి దండం పెట్టాడు. ఆమె ఆయన మొహంలోకి చూసి తలూపింది. చేతులు మాత్రం లేవలేదు.

ఇప్పుడు ఎవరు సెల్యూట్ విగ్రహం అడిగినా, "ఎవరికి?" అని అడుగుతున్నాను. జవాబు చెప్పలేని కమిటీలకు చేతులు దించే చేస్తాను. ఇష్టం లేనివాళ్లకు కామారెడ్డిలో ఇంకా షెడ్లున్నాయి.