సముద్రానికి పోయే సందు

ముర్దాని చేపలు కొనే తీరు చూస్తే చాలు, ఆమె ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఒకావిడ దగ్గరే కొంటున్నా, మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందో లేదో చూడనిదే బుట్టలో వేయనివ్వదు. చేపలావిడ కూడా అలవాటుపడిపోయి, ముర్దాని వస్తుంటే తనే మొప్పలెత్తి పట్టుకుని కూర్చుంటుంది.

పుట్టుకతో ఆమె ఇలాంటిది కాదు. ఆమె ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ కాబట్టి నాకు తెలుసు. ఆమె భర్త సువిత్ర బతికుండగా ఒక విదేశీయుడు సముద్రపొడ్డునున్న మా సానూరులో స్థలం కొనుక్కోవాలనుకున్నాడు. పరాయి దేశం వాళ్ల పేరున ఇక్కడ భూమి రాయరు. మనిషి మంచివాడిలా ఉన్నాడని సువిత్ర తన పేరు ఇచ్చాడు. ఆ మంచివాడు దాని మీద అందినంత అప్పు చేసి విమానమెక్కి పోయాడు. కోర్టు మెట్లు ఎక్కడం, దిగడం సువిత్ర వంతయింది. ఆ తిరుగుడులోనే మంచం పట్టి పోయాడు. అప్పటినుంచి ముర్దానికి నవ్వుతూ వచ్చేవాడంటేనే భయం.

భర్త పోయాక ఇంట్లో మూడు గదులు బాడుగకిచ్చి బతికేది. ఒక వానాకాలం సురబాయ పట్నం నుంచి మెలియానా అనే ఆవిడ ఒంటరిగా వచ్చి మధ్య గదిలో దిగింది. యాభై దాటిన మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు, పళ్ల డాక్టరుగా పనిచేసి మానేసిందట. వారం ఉంటానన్నది నెలలైనా కదల్లేదు.

ఆవిడ తీరు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. పొద్దున్నే గొడుగు వేసుకుని సందులన్నీ తిరిగేది. వాన వెలిశాక కాలువల దగ్గర నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూసేది. అమావాస్య పోటుకు సముద్రం ఎందాకా వస్తుందని పడవలవాళ్లను అడిగేది. ఒకసారి ముర్దాని పెరట్లోకి వెళ్లి, పందుల దొడ్డి పక్కన మన్ను చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. అది వంటింటి కిటికీలోంచి ముర్దాని కంటపడింది.

ముర్దానికి అవతలి పక్కింటి సుగత రోజూ సాయంత్రం కాఫీకి వచ్చేవాడు. ఒకప్పుడు పడవ నడిపినవాడు, సువిత్రకు నేస్తం. ముర్దాని పెరటికీ బీచి రోడ్డుకీ మధ్యనున్న కొబ్బరితోట అతనిదే. ఆ తోట అంచునే ఒక సన్నని సందు సముద్రం దాకా పోతుంది. మా వీధి వాళ్ల చితాభస్మం సముద్రానికి చేరేది ఆ దారినే. సువిత్రదీ అలాగే వెళ్లింది.

"వదినా, కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నాడు సుగత ఒకరోజు గొంతు తగ్గించి. "ఆవిడ కన్ను నీ పెరటి మీద ఉంది."

ముర్దానికి అంతకన్నా ఏం కావాలి? రోజూ గదుల్లో పూల నైవేద్యం పెట్టడానికి తనే వెళ్తుంది కదా, మెలియానా గదిలో మాత్రం అగరొత్తి సగం కాలేదాకా నిలబడి నలుమూలలా చూసేది. మంచం కింద రంగురంగుల నేలపలకల ముక్కలు కనిపించాయి. ఇల్లు కట్టే ఆలోచన లేకపోతే అవెందుకు? ఆ రోజు నుంచి మెలియానాకు పొద్దుటి కాఫీతో పాటు ఇచ్చే అరటికాయ బజ్జీలు ఆగిపోయాయి. ఆవిడ అడగలేదు. అడగకపోవడం కూడా ముర్దానికి అనుమానంగానే తోచింది.

ఆ సమయంలోనే మా వాడ వాళ్లం పెనీద దీవిలోని గుడికి మొక్కు చెల్లించడానికి బయల్దేరాం. మెలియానా కూడా వస్తానంది. పడవంటే పడని ముర్దాని, ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండడానికే మాతో ఎక్కింది. నడిసముద్రంలో అలలు లేచాయి. ముర్దాని కడుపులో ఉన్నదంతా కక్కేసి, తెల్ల రవికె పాడుచేసుకుని సోలిపోయింది. మెలియానా ఆమె తల ఒళ్లో పెట్టుకుని, మెడకు తైలం రాస్తూ కూర్చుంది. నేను ఎదుటి బల్ల మీదే ఉన్నాను.

ముర్దాని కళ్లు తెరవకుండానే అడిగింది: "మా పెరడు కావాలా మీకు?"

"కావాలనుకున్నాను" అంది మెలియానా. "వచ్చిన కొత్తలోనే సుగతగారిని అడిగాను. అక్కడ చెడ్డ చావు జరిగింది, ఆ నేల మీద ఎవరూ నిద్రపోలేరు అన్నారు. అందుకే ఇల్లు కట్టుకోవడానికి ఆయన తోటే దీర్ఘకాలం కౌలుకు తీసుకున్నాను. మీకు చెప్పలేదా?"

ముర్దాని లేచి కూర్చుంది. "మరి సందో?"

"ఏ సందు? తోట అంచుదాకా గోడ కట్టుకోవచ్చు, అటు ఎవరూ నడవరన్నారే."

గుడిలో దండం పెట్టుకుంటున్నప్పుడు కూడా ముర్దాని కళ్లు మూయలేదు. తిరిగివస్తూ నా చెవిలో అంది, "ఇద్దరిలో ఒకరు అబద్ధం. ఇద్దరూ కూడా కావచ్చు."

మర్నాడు సుగత ఎప్పటిలాగే వచ్చాడు. ముర్దాని కాఫీ ఇచ్చి, తాగనిచ్చి, అప్పుడడిగింది. అతను తొణకలేదు.

"నేను అబద్ధం ఆడలేదు వదినా. ఆవిడ కన్ను నీ నేల మీదే ఉండింది. దాన్ని నా నేల మీదికి తిప్పాను, అంతే. నువ్వు ఎలాగూ ఇవ్వవు కదా."

"నా పెరట్లో చెడ్డ చావు ఎవరు చచ్చారు?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

"ఆ దారినే మీ అన్నయ్య వెళ్లాడు, సుగతా."

"నేల నాది. దారి కూడా నాదే" అని అతను కప్పు బోర్లించి వెళ్లిపోయాడు.

ముర్దాని వాడ పెద్ద దగ్గరికి పోయి సభ పెట్టించింది. మగవాళ్లు ముందు, మేం వెనక కూర్చున్నాం. పాత ఆచారమంటూ సగంమంది, సొంత ఆస్తంటూ సగంమంది వాదించుకున్నారు. పెద్ద చివరికి మెలియానాను పిలిపించాడు. ఆవిడ మండపం మెట్టు దగ్గరే నిలబడి, తనకు తెలియక జరిగిందని, గోడ లోపలికి జరిపి కట్టిస్తానని చెప్పింది.

"మీ వాళ్లు చచ్చినా నా గోడ చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తే, నేను ఇక్కడ బతికి ఏం సుఖం?" అంది.

అందరూ తలలూపారు. ముర్దాని మాత్రం లేచి, "దానికి బదులు మాతో ఏం పని?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. మెలియానా ఇల్లు పూర్తయ్యేదాకా ఆ మధ్య గదిలోనే ఉండనిమ్మంది. బజ్జీలు మళ్లీ మొదలుపెట్టమని కూడా అంది. సభంతా నవ్వింది, ముర్దాని తప్ప.

పునాది తవ్వకం మొదలైంది. ముర్దాని రోజూ పొద్దున నైవేద్యం బుట్టతో ఆ సందులోకి పోయి, మేస్త్రీలు కట్టిన తాడు ఎక్కడుందో చూసి వచ్చేది. ఒకనాడు ఆ తాడు కట్టిన మేకు జానెడు సందులోకి వచ్చి ఉంది. వీధివీధంతా పిలిచి, మేస్త్రీ చేతే దాన్ని పీకించింది. ఇటుకలు పేర్చడానికి చోటు చాలక జరిపానని అతను మొత్తుకున్నాడు. అది నిజమే. మెలియానా ఆ గొడవంతా ముర్దాని ఇంటి వెనక అరుగు మీద నిలబడి చూసి, తనే వెళ్లి తాడు రెండో కొస పట్టుకుంది. కొత్త మేకు వాళ్లిద్దరూ కలిసి పాతించారు.

ఇప్పుడక్కడ తెల్లగోడల ఇల్లుంది. పక్కన సందు అలాగే ఉంది. గృహప్రవేశానికి కావలసిన కొబ్బరాకు అల్లికలన్నీ ముర్దానే అల్లింది, నేను సాయం కూర్చున్నాను. మెలియానా ఇటు వచ్చినప్పుడల్లా ఇద్దరూ అరుగు మీద కబుర్లు చెప్పుకుంటారు. ఆవిడ వెళ్లాక ముర్దాని నన్నడుగుతుంది, "మంచిదే అంటావా?" అని. మంచిదే అంటాను. "చూద్దాం" అంటుంది.

సుగత కూడా వస్తాడు. ఒకే వాడలో ఉండి, ఒకరి పాడె ఒకరు మోయవలసినవాళ్లు మాట మానుకుని బతకలేరు. ముర్దాని అతనికి కాఫీ పెట్టి, ముందు గ్లాసు ఉంచుతుంది. తను మాత్రం కూర్చోదు. అతను లేచి వెళ్లేదాకా స్తంభాన్ని ఆనుకుని నిలబడే ఉంటుంది.