ఉప్పు కాగితం రుద్దిన పలక

ఆ రోజు ఆయన నిజం చెప్పింది మనసు కరిగా, కడుపులో దాచుకోలేకా? ఇప్పటికీ తేలలేదు. ఆయన్నే అడిగితే, "అంత గొప్ప గుణాలు నాకెక్కడివి?" అని తప్పించుకుంటాడు.

ప్రయోగశాలలో ఆయన పని నికెల్ పలకలకు మెరుగుపెట్టి, గాజు పాత్రలో బిగించడం. పలకను నీళ్లలో ముంచి కరెంటు పంపితే హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. పలక తాను అరగదు, నీళ్ల కాపురాన్ని మాత్రం విడగొడుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఆ పలకల్లో చూసుకునే తల దువ్వుకున్నాడు. అందరూ 'అద్దం బాబాయ్' అంటుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగేది. పొట్ట ఎలాగూ పెరిగే ఉంది.

ఒకనాడు పలక చేయి జారి, సింకు అంచుకు తగిలి గీత పడింది. కొత్తది కావాలంటే స్టోరు పుస్తకంలో కారణం రాయాలి. అద్దం బాబాయ్ చేయి జారిందని రాయడానికి ప్రాణం ఒప్పలేదు. మళ్లీ అద్దంలా మెరిపించే వ్యవధి లేక, ముతక ఉప్పు కాగితంతో పలకంతా బరబరా రుద్ది, ఆ గీతను వెయ్యి గీతల్లో కలిపేసి, గుట్టుచప్పుడు కాకుండా బిగించేశాడు.

ఆ పలక మిగతావాటికి మూడు రెట్లు గ్యాస్ ఇచ్చింది! పరిశోధన చేస్తున్న అమ్మాయి ఎగిరి గంతేసింది. బుడగల నురగలో పలక గరుకు ఆమె కంట పడలేదు. ఈయన మాత్రం దొంగసొత్తు దాచినట్టు ఆ సాయంత్రమే దాన్ని విప్పి, మళ్లీ అద్దం చేసేశాడు.

తర్వాత రెండు నెలలూ పాత లెక్కే. ఆమె నీళ్లు మార్చింది, తీగలు మార్చింది, చివరికి తన మీద నమ్మకమే పోగొట్టుకుంది. నెలాఖరులోగా ఆ ఫలితం మళ్లీ రాకపోతే పరిశోధన ఆగిపోతుంది.

"నేనే అంకెలు తప్పు చూసుంటాను బాబాయ్," అంది ఒక మధ్యాహ్నం, కడిగిన పాత్రనే ఐదోసారి కడుగుతూ.

"అంకెలు సరిగ్గానే చూశావమ్మా. ఆ రోజు పలక పాడుచేసింది నేను," అని ఆయన జరిగిందంతా కక్కేశాడు.

ఆమె కుళాయి కట్టడం కూడా మరిచిపోయింది. "రెండు నెలలు! చెప్పడానికి నోరు రాలేదా?"

"పేరు పోతుందని..."

"మీ పేరు నిలబడ్డానికి నాకు పిచ్చెక్కాలా? పదండి, ఇంకోటి పాడుచేయండి!"

పాడుచేశాడు. పాత్రలో బుడగలు నురగలా పొంగాయి.

"గరుకు చేస్తే నీటికి తగిలే చోట్లు పెరుగుతాయి. ఆ గుంటల్లో, అంచుల్లోనే అసలు పని జరిగేది," అంది ఆమె, గడియారం వైపే చూస్తూ.

"అంటే ముప్ఫై ఏళ్లుగా నేను వీటికి గుండు గీస్తున్నానన్నమాట!"

ఆమె నవ్వలేదు. ఆయన ఇంకో మూడు పలకలు రుద్ది, ఏ నంబరు కాగితంతో ఎంతసేపు రుద్దాడో చీటీ మీద ఉన్నదున్నట్టు రాసి, ఆమె మోచేతి పక్కన పెట్టాడు. ఆమె బుడగల మీంచి కళ్లు తిప్పలేదు. ఆయన చెప్పులేసుకుని, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి వెళ్లిపోయాడు.