తోకచుక్క మీద గీసిన ఎర్ర గీత

ఆ రోజు నేను ఒప్పును తప్పని కొట్టేశాను. అదీ ఎర్ర పెన్నుతో, క్లాసంతా చూస్తుండగా.

తెలుగులో హిందీ కలిపి మాట్లాడే పోర్ట్ బ్లెయిర్‌లో నేను సైన్సు మాస్టార్ని. సైన్సు ప్రదర్శనకు వెళ్లే పిల్లల పేర్లు ఆ మధ్యాహ్నమే పంపాలి. బతు బస్తీ నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక చార్టు తెచ్చింది. తోకచుక్క నుంచి లేచిన వాయువుకు ఎండ తగిలి, అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అలా విద్యుదావేశం వచ్చిన కణాలు విపరీతమైన వేగం అందుకుంటాయి. ఆ వేగాన్ని సూర్యుడి నుంచి వీచే సౌర పవనం ఇస్తుందని ఆమె రాసింది. నేను దాన్ని కొట్టేసి, ‘తోకచుక్కే విసురుతుంది’ అని పక్కన రాశాను.

“సార్, అది తో మంచుముద్ద. దానికి అంత తాకత్ ఎక్కడిది?”

“నువ్వు నాకు చెబుతావా?” అన్నాను. క్లాసు నవ్వింది. ఆమె పేరు లేకుండానే లిస్టు పంపాను. నిజానికి ఆ విషయం నాకు రాదు. రాదని ఒప్పుకోవడం ఇన్నేళ్ల సర్వీసులో అలవాటు కాలేదు.

సాయంత్రం ఫీనిక్స్ బే రేవులో బోటు టికెట్ కోసం క్యూలో ఉన్నాను. ఒక చిన్న బోటు జెట్టీని రాసుకుంటూ ఆగకుండా పోతోంది. బస్తా భుజానేసుకున్న కూలీ దాని మీదికి అడుగేసి అందులోని గుంజ పట్టుకున్నాడు. అంతవరకూ కదలకుండా నిలబడ్డ మనిషి గుంజ చుట్టూ గిర్రున తిరిగి, బోటుతో పాటు సాగిపోయాడు.

“అరే భయ్యా, నువ్వెక్కావు, నా బోటు స్లో అయిపోయింది!” బోటు నడిపేవాడు అరిచాడు.

“మజ్జానం బిర్యానీ పెట్టింది నువ్వే గదేటి!”

క్యూ అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు సగంలో ఆగింది. కూలీ దగ్గర సొంత వేగం లేదు. అది బోటు ఇచ్చింది. ఇచ్చిన మేరకు తాను తగ్గింది.

ఇంటికెళ్లి చదివాను. సౌర పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం కొత్త కణాన్ని పట్టుకుని, చుట్లు తిప్పుతూ లాక్కుపోతుంది. పవనం కాస్త నెమ్మదిస్తుంది. గురుగ్రహపు చందమామల దగ్గర ఆ పని గ్రహంతో పాటు తిరిగే క్షేత్రం చేస్తుంది. నా దగ్గరే ఉండిపోయిన ఆ అమ్మాయి చార్టు విప్పి చూస్తే, అందులో ఇదంతా ఉంది. నేనే కింది దాకా చదవలేదు.

మర్నాడు అదే క్లాసులో, “తప్పు నాది. నాకు తెలియక కొట్టేశాను” అన్నాను.

“కోయీ బాత్ నహీ సార్. కానీ చార్టు ఖరాబ్ అయిపోయింది కదా,” అంది ఆ అమ్మాయి.

గోల్ ఘర్ బజారుకు వెళ్లి కొత్త చార్టు కొనుక్కొచ్చాను. ఆమె చెబుతుంటే గీతలు నేను గీశాను. వంకరగా వచ్చినప్పుడల్లా చెరిపించింది. తర్వాత ప్రదర్శన ఆఫీసుకు వెళ్లాను.

“లిస్ట్ తో నిన్ననే పక్కా అయింది మాస్టారూ. ఇప్పుడు పేరు కలపాలంటే కారణం రాయాలి,” అన్నాడు గుమాస్తా.

కాగితం తీసుకుని ‘ఉపాధ్యాయుడి తప్పు’ అని రాసి, సంతకం పెట్టి, ఆమె పేరు ఎక్కేదాకా అక్కడే కూర్చున్నాను.