ఖాళీ చేసిన ఇన్‌బాక్స్

2006లో పుదుచ్చేరి ఒర్లియంపేటలో నాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. యానాం నుంచి వచ్చి పెట్టుకున్నాను. నా చేతివేగం చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం కిరుమాంబాక్కం రైతు కె. రంగసామి గారు తన ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టారు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. తెలుగు, తమిళం రెండూ మాట్లాడతారు, ఏదీ చదవలేరు.

"ఏంది తంబీ ఇది? ఈ కవరు బొమ్మ మినుక్కు మినుక్కుమంటానే ఉండాది. తీసెయ్."

అది ఇన్‌బాక్స్ నిండిందని చెప్పే గుర్తు. అప్పటి ఫోన్లలో కొన్ని మెసేజీలే పట్టేవి. పాతవి తీస్తే గానీ కొత్తవి లోపలికి రావు. తెరిస్తే వరసగా ఒకటే నంబరు, పేరు లేదు. కంపెనీ ప్రకటనలనుకున్నాను.

"ముఖ్యమైనవి ఏమన్నా ఉన్నాయా పెద్దాయనా?"

"నాకెవరు రాస్తారు? రాసినా చదివేదెవరు?"

'డిలీట్ ఆల్' నొక్కాను. అన్నీ ఒక్కసారే పోయాయి.

నాలుగో రోజు ఆయన చిరాకుగా వచ్చారు. "నువ్వు సరింగా చేయలా. మళ్ళా వచ్చింది." ఈసారిది కొత్త మెసేజీ వచ్చిన గుర్తు. నా పనికి వంక పెట్టేసరికి ఒళ్లు మండింది. ప్రకటనేనని రుజువు చేద్దామని తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును గబగబా పైకి చదివేశాను.

"నాయనా, ఇంటికి రానా అని అన్నితూర్లు అడిగితిని. నువ్వు ఒక్క మాటా చెప్పలా. ఇంక అడగను. కమల."

ఇంకోసారి చదవమన్నారాయన. కమల ఆయన కూతురు. రెండేళ్ల కిందట ఇష్టపడ్డవాడితో వెళ్లిపోయిందట.

"దాని గొంతు వినబడితే కట్ చేసేస్తా ఉంటిని తంబీ. అందుకే రాసుంటాది, ఎవురిచేతన్నా చదివించుకుంటానని."

నేను తీసేసిన మెసేజీలదీ ఇదే నంబరు. వెంటనే ఫోన్ చేశాను. స్విచాఫ్. వారం రోజులు చేస్తూనే ఉన్నాను. తర్వాత అసలు ఆ నంబరే లేదన్నారు.

"యాడ ఉండాదో ముందరి వాటిలో రాసిందా?" అని అడిగారాయన.

నేను ఒక్కటీ చదవలేదు. తీసేసినవి తిరిగి తెచ్చే దారీ లేదు. నాకంటే పాత మెకానిక్కులిద్దరికి చూపించినా అదే మాట. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత నెలనెలా వచ్చి ఫోన్ నా చేతికిచ్చేవారు. అన్నీ ప్రకటనలే. అవి కూడా చివరిదాకా చదివించుకునేవారు.

చదివి వినిపించకుండా ఎవరి మెసేజీనీ తీసేయకూడదని ఆ ఘటన నాకు నేర్పింది. నేను నేర్చుకున్నందువల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. కమల మళ్లీ రాయలేదు.