ఎదుటి బండి ఓనర్: గంగమ్మ, మైపాడు

నిన్న మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"పెదనాయనా, నాయన పోయినాడు" అన్నాడు నా స్నేహితుడు పెంచలయ్య కొడుకు.

"యాడికి?" అన్నాను.

ఎనభై రెండేళ్ళు వచ్చినా నా తెలివి అంతే.

టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడట. ఆస్పత్రి లేదు, సూది లేదు, ఒకరి చేత నీళ్ళు పట్టించుకోవడం లేదు.

ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు వచ్చింది. అబద్ధం చెప్పడం దేనికి?

వాడి మీద నాకు ఉన్న పాత జబ్బే అది.

ఈ వాట్సాప్ గ్రూపులో పిల్లలకు తెలియదు. అరవైల్లో మా కొడవలూరు చుట్టుపక్కల డీజిల్ ఇంజన్ ఆగిపోతే పెంచలయ్య రావాల్సిందే. కోవూరు నుంచి కోట దాకా తిరగాలి కాబట్టి మద్రాసు పోయి సెకండ్ హ్యాండ్ మోటారు సైకిల్ కొన్నాడు.

నాకు సైకిల్. అదీ మా అన్నది.

వాడు అర మైలు దూరంలో ఉండగానే శబ్దం వచ్చేది. మా అమ్మ "పెంచలయ్య వస్తా ఉండాడు, కాఫీ పెట్టాల" అని లేచేది. నేను ఇంట్లోకి వచ్చింది కూడా ఆమెకు తెలిసేది కాదు.

ఒకరోజు మైపాడు దగ్గర ఉప్పు కయ్యల్లో ఇంజన్ బాగుచేశాడు. సముద్రం చూద్దామని బండిని తడి ఇసుక మీద స్టాండ్ వేసి, తాటిచెట్ల కింద అన్నం తిని, కునుకు తీశాడు.

లేచేసరికి పోటు. నీళ్ళ మీద హ్యాండిల్ ఒక్కటే కనబడుతోంది.

రెండు రోజుల తర్వాత పక్కనున్న జాలర్ల పాలెం వాళ్ళు మోకులు కట్టి లాగారు. ఇంజన్ నిండా ఇసుక. సైలెన్సర్‌లోంచి పీత దిగింది.

ఇన్సూరెన్స్ ఉంది. కానీ వాళ్ళ నాయన ఒకటే మాట అన్నాడు. "కంపెనీ ఇస్తే సరి. ఇయ్యకపోతే ఆ ఇంజన్ల పని మానేసి మడక దున్నేదానికి రావాల." పెంచలయ్యకు ఆ పని ప్రాణం.

క్లెయిమ్ ఫారం ఇంగ్లీషులో ఉంది. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను. ఐదో క్లాసుతో బడి ఆగితే, ఎరువు బస్తాల మీద, పురుగుమందు డబ్బాల మీద కూడబలుక్కుని నేర్చిన ఇంగ్లీషు అది. నాకు వచ్చిన మొదటి మాట పాయిజన్. నా గుణం అక్కడే పడిందేమో.

ఫారంలో ఒక గడి ఉంది. ఎదుటి వాహనం ఏది, దాని ఓనర్ పేరు ఏమిటి?

"ఎదుటి బండి యాడుందిరా! సముద్రం అని రాయి. ఓనర్‌ది వొదిలెయ్" అన్నాడు పెంచలయ్య.

నేను వదల్లేదు. "గంగమ్మ, మైపాడు" అని రాశాను. మా తీరంలో సముద్రాన్ని కొలిచేది ఆ పేరుతోనే. వాడు చూడకుండా సంతకం పెట్టాడు.

పది రోజులకు మద్రాసు నుంచి సర్వేయర్ దిగాడు. తోలు సంచీ, నెత్తిన టోపీ. బండిని కర్రతో పొడిచి చూశాడు.

"మీరే నీళ్ళలోకి తోసేసినారేమో! చూసినవాళ్ళు ఎవురు?"

ఆ రోజు ఆ ఒడ్డున ఎవరూ లేరనే పెంచలయ్య అనుకుంటున్నాడు.

"సరే, ఈ గంగమ్మను పిలుసుకోని రండి. స్టేట్‌మెంట్ కావాల."

నా రాత బయటపడిందనుకున్నాను. పాలెం వాళ్ళకు మాత్రం అనుమానమే రాలేదు. తిన్నగా పోయి చేపలమ్మే ముసలి గంగమ్మను పిలుచుకొచ్చారు. ఎదుటి బండి ఓనర్ నువ్వేనా అని సర్వేయర్ అడిగాడు.

"నేనేంది నాయనా గుద్దేది! నా కాడ బండా కారా? చేపల తట్ట ఉండాది, అంతే" అని ఆమె సర్వేయర్ మీదికి లేచింది. "అల వచ్చి బండిని ఎత్తకపోయింది. ఈ అబ్బయ్య పంచె ఎగ్గట్టుకోని ఎనకాలే ఉరికినాడు. పంచె కూడా పోయింది. నేను ఎండు చేపలు తిరగేస్తా అంతా చూసినా!"

సర్వేయర్ టోపీ తీసి నవ్వాడు. అంతా రాసుకున్నాడు. ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

నెలకు ఉత్తరం వచ్చింది. "టోటల్ లాస్" అని చదివాను. పెంచలయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"అంతా నష్టమేనా? ఇంక మడకేనా రవణయ్యా?"

బండి బాగుకు రాదని, దాని విలువ ఇచ్చి శవాన్ని కంపెనీయే తీసుకుంటుందని కింద లైన్లో ఉంది. నేను అప్పటికే చదివేశాను. అయినా నా కాఫీ అయిపోయేదాకా చెప్పలేదు.

అంత రుచైన కాఫీ మళ్ళీ తాగలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కొత్త బండి వచ్చిన రోజు నేరుగా మా ఇంటికే తెచ్చాడు. తాళం నా చేతిలో పెట్టాడు.

"మొదట నువ్వే తోలాల. ఆ ముసలమ్మ పేరు నీకెట్టా తట్టిందిరా! నువ్వు రాయకపోతే నా పని గోవిందా."

నాకు ఆ ముసలమ్మ ఉందనే తెలియదు, పెంచలయ్యా. మద్రాసులో ఎవడో చదివి, నవ్వి, నీ కాగితం చించి పారేయాలని రాశాను. నువ్వూ నాలాగా సైకిల్ తొక్కాలని రాశాను.

అది చెప్పలేక, మోకాలు నొప్పి అని తాళం తిరిగి ఇచ్చేశాను. ఇన్నేళ్ళూ నీ వెనక సీటు మీదే కూర్చున్నాను. తాతకు బండి ఎందుకు రాదని నా మనవలు అడుగుతుంటారు. ఇదీ సంగతి.

క్షమించమనడానికి ఒక్క రోజు ఆలస్యం చేశాను.

నిమ్మళంగా పోయిరా, పెంచలయ్యా. నువ్వు వెళ్ళిన చోట నీకు ఏ లోటూ ఉండకూడదు. ఈసారి నిజంగానే కోరుకుంటున్నా.